ఊరి శాసనానికి రెండు పీరియడ్లు ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖల అధికారులకు, రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీల్లో సాంఘికశాస్త్రం సిలబస్ రూపొందించే పెద్దలకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్పే టీచర్ని. మీ ముందు పెట్టే కోరిక చిన్నదే. ప్రతి బడికీ నడిచి వెళ్లేంత దూరంలోనో, గంట బస్సు ప్రయాణంలోనో ఏదో ఒక చారిత్రక స్థలం ఉంటుంది. దాన్ని ఆ బడి సోషల్ పాఠంలో భాగం చేయండి. టైంటేబుల్లో దానికి చోటు ఇవ్వండి, పరీక్షలో దాని మీద ఒక ప్రశ్న పెట్టండి. ఇందుకు కొత్త పథకం, దానికో పేరు, లోగో ఏవీ అక్కర్లేదు. ఉన్న పనిలోంచే కొంత తీసి దీనికి జాగా చేస్తే చాలు.

ఇప్పుడు జరిగేదేమిటో మీకు తెలియంది కాదు. చలికాలం రాగానే బస్సు మాట్లాడుకుంటాం. తెల్లవారుజామున బయల్దేరితే తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి. ఆ ఒక్క రోజులో గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, ట్యాంక్‌బండ్ అన్నీ అయిపోవాలి. గోల్కొండకు గంట. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టిస్తారు. ఆ చప్పుడు పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని గైడు చెబుతాడు. మెట్లెక్కి, ఫొటోలు తీసుకుని, కిందికి వచ్చేస్తాం. పిల్లలకు అది మంచి రోజే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. మండలం దాటని పిల్లలు చాలామందికి అదే మొదటి దూరప్రయాణం. కానీ ఆ చప్పుడు అంత ఎత్తుకు ఎలా చేరుతోందని ఫిజిక్స్ సార్‌ని ఎవరూ అడగరు. కోట కట్టినవాళ్లకు అలాంటి ఏర్పాటు ఎందుకు కావాల్సి వచ్చిందని నన్నూ అడగరు. అడిగే తీరిక ఉండదు, వెనకాల ఇంకో బడి పిల్లలు నిలబడి ఉంటారు.

ఇక ప్రాజెక్టు పని. మీ ప్రాంతంలోని చారిత్రక కట్టడాల వివరాలు సేకరించండి అని అడిగితే, పిల్లలు స్టేషనరీ షాపుకెళ్లి అచ్చేసిన చార్ట్ కొనుక్కొస్తారు. శ్రీకాకుళం బడిలోనైనా ఆదిలాబాద్ బడిలోనైనా అదే చార్మినార్, అదే తాజ్‌మహల్. చుట్టూ స్కెచ్ పెన్నుతో బోర్డర్ గీస్తే మార్కులు పడిపోతాయి. ఊరి చివర గుడి ముందు శాసనం చెక్కిన రాయి మాత్రం అలాగే ఉంటుంది. దాని మీద ఎవరో బట్టలు ఆరేసి ఉంటారు.

ఆ రాయితో ఏం నేర్పొచ్చో రెండు మూడు ఉదాహరణలు చెబుతాను. కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే స్థానిక చరిత్ర అనగానే అందరూ మంచిదేనని తలూపుతారు తప్ప, దాంతో నలభై అయిదు నిమిషాల్లో ఏం చేయొచ్చో ఎవరూ మాట్లాడరు.

నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడి శాసనం కాకతీయుల చరిత్రలో ఒక తేదీని మార్చేసింది. రుద్రమదేవి 1295 ప్రాంతం దాకా పాలించిందని ఒకప్పుడు రాసేవారు. చందుపట్ల శాసనం శక సంవత్సరం 1211 నాటిది. పువ్వుల ముమ్మడి అనే బంటు దాన్ని వేయించాడు. శివలోకం చేరిన కాకతి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని సోమనాథ దేవుడికి భూమి ఇచ్చానని అందులో ఉంది. శక సంవత్సరానికి 78 కలిపితే మన లెక్క వస్తుంది. 1211కి 78 కలపండి, 1289. అంటే ఆ ఏడాది ఈ దానం జరిగేనాటికి రుద్రమ లేదు. రాజధానిలో ఏ కవీ రాసిపెట్టని సంగతిని ఒక సైనికుడు వేయించిన రాయి చెప్పింది.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఇందులో ముందు లెక్క ఉంది. 78 ఎందుకు కలపాలి, జనవరి నుంచి ఉగాది దాకా వచ్చే రోజులైతే 79 ఎందుకు కలపాలి? 1289 విరోధి నామ సంవత్సరం. ఆ పేరు మళ్లీ 2009 ఉగాదికి కూడా వచ్చింది. 2009లోంచి 1289 తీసేస్తే 720. అరవై పన్నెండ్లు. పంచాంగ శ్రవణంలో వినే పేర్లకూ, రాతి మీద చెక్కిన పేర్లకూ ఇలా ముడి పడగానే పిల్లలు తమ పుట్టిన సంవత్సరం పేరు అడుగుతారు, తాతది అడుగుతారు, తర్వాత ఏకంగా లెక్కేసుకోవడం మొదలుపెడతారు.

లెక్క కంటే ముఖ్యమైనది తర్వాత వస్తుంది. ఆ రాయి రుద్రమ ఎలా చనిపోయిందో చెప్పదు. ఆమె సామంతుడు కాయస్థ అంబదేవుడు తిరగబడ్డాడని, అతనితో జరిగిన పోరులో ఆమె చనిపోయి ఉంటుందని చరిత్రకారులు అంటారు. సేనాని పేరు పక్కనే ఉండటం, ఆ కాలపు ఇతర శాసనాలు కలిపి చూసి చేసిన ఊహ అది. బలమైన ఊహే, అయినా ఊహే. ఇంకో సంగతి. శాసనంలో ఉన్నది దానం చేసిన తేదీ. చాలాచోట్ల దాన్నే రుద్రమ మరణించిన తేదీగా రాసేస్తున్నారు. వార్త ఊరికి చేరడానికి ఎన్నాళ్లు పట్టింది? కర్మలు అయ్యాక దానం ఇచ్చాడా? నోట్‌బుక్‌లో పేజీ మధ్య గీత గీయించి, ఒకవైపు రాయి చెప్పింది, రెండోవైపు మనం అనుకుంటున్నది రాయమంటే క్లాసు రెండుగా చీలి వాదించుకుంటుంది. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి చరిత్రనూ నమ్మే ఇళ్లలో పెరుగుతున్న పిల్లలకు ఈ గీత ఎంత అవసరమో నేను మీకు చెప్పాలా?

రెండోది కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించి శక 1291లో, అంటే 1369లో, సంస్కృతంలో శాసనం వేయించాడు. మామూలుగా శాసనాల్లో సగం పొగడ్తలుంటాయి, ఇందులోనూ ఉన్నాయి. అవి దాటాక అసలు విషయం వస్తుంది. చెరువు కట్టాలంటే కావాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు వరుసగా చెప్పారు. నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తియ్యటి నీళ్లున్న ఏరు, దగ్గర్లో మంచి రాతిగని, పనివాళ్లు ఉండాలి. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీళ్లు ఎక్కువ కావడం దోషాలు. మిగిలిన దోషం, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. ఈ లేఖ రెండు రాష్ట్రాలకు కలిపి రాస్తున్నాను కాబట్టి ఆ ఆఖరిదాని గురించి ఇంకేమీ అనను.

ఈ చెరువు పనికి వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల కాలం పట్టిందని శాసనం చెబుతోంది. ఏడాదికి మూడు వందల రోజుల పని అనుకుంటే ఆరు లక్షల పనిదినాలు. మా పిల్లల అమ్మానాన్నలు వేసవిలో ఉపాధి హామీ పనికి వెళ్లి చెరువు పూడిక తీస్తారు. పనిదినం అంటే ఏమిటో, కొలత ఎలా వేస్తారో, కూలీ ఎంత పడుతుందో ఏడో తరగతి పిల్లకు నాకన్నా బాగా తెలుసు. ఆ పిల్ల ముందు ఈ అంకెలు పెట్టి, ఆ వెయ్యిమందికి తిండి ఎక్కడిది, గింజలు ఎవరి పన్నులోంచి వచ్చాయి, శాసనంలో వాళ్ల పేర్లు ఎందుకు లేవు అని అడిగితే విజయనగర రాజ్యం గురించి పాఠ్యపుస్తకం పది పేజీల్లో చెప్పలేనిది తెలుస్తుంది.

పోరుమామిళ్ల దాకా వెళ్లనక్కర్లేదు కూడా. శాసనం తెలుగు అనువాదం ఒక పేజీ చేతికిచ్చి, ఊరి చెరువు కట్ట మీదికి తీసుకెళ్తే చాలు. కట్ట, తూము, అలుగు, ఆయకట్టు అన్నీ కళ్లముందే ఉంటాయి. ఆరు దోషాల్లో మన చెరువుకు ఎన్ని ఉన్నాయో చూడమంటే పిల్లలు తేల్చేస్తారు. సైన్స్ టీచరు తోడొస్తే నీరు ఊరడం, చవుడు ఆయన చూసుకుంటారు. లెక్కల టీచరు కట్ట పొడవు అడుగులు వేయించి కొలిపిస్తారు. మూడు సబ్జెక్టుల వాళ్లు ఒకేచోట నిలబడి మాట్లాడుకోవడం మా బడుల్లో చాలా అరుదు, అది వేరే సంగతి.

మోటుపల్లి గురించి క్లుప్తంగా. బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లె ఒకప్పుడు కాకతీయుల రేవు. 1244 నాటి గణపతిదేవుడి అభయ శాసనం అక్కడుంది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా ఇదివరకటి రాజులు బలవంతంగా తీసుకునేవారని, తాము మాత్రం ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని వర్తకులకు మాట ఇచ్చాడు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రం మీద ప్రయాణం చేసేవాళ్లని వర్తకుల గురించి అందులో ఒక మాట ఉంది. ముప్పయ్యో వంతు అంటే ఎంత శాతం? పన్ను తగ్గిస్తే రాజుకు లాభమా, నష్టమా? తీరంలో చేపల వేటకు వెళ్లే కుటుంబాల పిల్లలకు ఆ శాసనం చదివి వినిపించి చూడండి, ఎకనామిక్స్ పాఠం ఎటు పోతుందో.

ఇవన్నీ పేరున్న ఊళ్లు, మా ఊళ్లో అలాంటివేం లేవు అనే మాట నాకు స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో తరచూ వినిపిస్తుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టే ఉంటుంది ఈ వ్యవహారం. తెలంగాణలో ఎన్నో ఊళ్ల పొలాల్లో రాకాసి గుళ్లు అని పిలిచే బండల గూళ్లున్నాయి. అవి ఇనుప యుగం నాటి సమాధులు. నారాయణపేట జిల్లా ముడుమాలలో చాలా పురాతనమైన నిలువురాళ్లున్నాయి. రాయలసీమలో ఊరి మొగదల వీరగల్లులు, అంటే పోరులో చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లు, కనబడతాయి, కత్తి పట్టుకున్న మనిషి, పైన సూర్యచంద్రులు. ఊరి నడుమ బురుజు, కూలిపోతున్న గడీ, పూడిపోయిన మెట్లబావి. కోస్తాలో అయితే భీమునిపట్నం, మచిలీపట్నంలో డచ్చివాళ్ల సమాధులు. హైదరాబాద్ బడులకు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఉంది. 1908 మూసీ వరదలో దాని కొమ్మలు పట్టుకుని జనం ప్రాణాలు దక్కించుకున్నారు. ఇవేవీ లేకపోయినా రైల్వే స్టేషన్ ఉంటుంది, కాలువ లాకు ఉంటుంది, పునాది రాయి మీద తేదీ ఉన్న పాత బడి భవనమే ఉంటుంది.

ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరుల్లాంటి వాళ్లు ఊరూరా తిరిగి రాయించిన కైఫియతులు ఇంకో నిధి. ఊరు ఎప్పుడు పుట్టింది, ఏ గుడి ఎవరు కట్టించారు, ఏ పంటలు పండేవి, ఎవరు ఎవరితో కొట్లాడారు అనేది రెండు వందల ఏళ్ల కిందటి కరణాలు చెప్పినట్టుగా అందులో ఉంటుంది. మీ బడి ఉన్న ఊరి కైఫియతు దొరికితే దాన్ని పట్టుకుని ఊళ్లో తిరగడమే ఒక పాఠం. కైఫియతు చెప్పే కోట గోడ ఇప్పుడెక్కడ? ఆ చెరువు పేరు మారిందా?

తక్కువ మాటల్లో చెప్పాల్సింది ఇంకోటి ఉంది. దగ్గరి కాలపు స్థలాలు. తెలంగాణ సాయుధ పోరాటం నాటి బైరాన్‌పల్లి బురుజు, కడవెండి లాంటివి. అక్కడ చరిత్ర అంటే ఇంకా జనం కుటుంబాల్లో ఉన్న సంగతి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు చంపినవాళ్ల వారసులు ఆ ఊళ్లోనే ఉన్నారు. అలాంటిచోటికి పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు టీచరు ముందుగా ఒక్కడే వెళ్లి ఊరివాళ్లతో మాట్లాడి రావాలి. ఏ పెద్దమనిషిని ఏం అడగాలో, ఏం అడగకూడదో పిల్లలకు బడిలోనే చెప్పి బయల్దేరాలి.

అసలు ఏ స్థలానికి వెళ్లినా పాఠం సగం బడిలోనే జరగాలి, బయల్దేరకముందే. ఇది అనుభవంతో చెబుతున్నాను. ఏం చూడబోతున్నామో తెలియని పిల్లలు గుడి దగ్గర కోతుల్ని చూసి వస్తారు. ముందు రోజు బోర్డు మీద ఒక్క ప్రశ్న రాసి పంపిస్తే వేరేలా చూస్తారు. ఒక్కటే ప్రశ్న. ఇరవై ఖాళీలున్న వర్క్‌షీట్ ఇస్తే తల ఎత్తి రాయివైపు చూసేవాడు ఉండడు, పక్కవాడి కాగితం చూసి నింపేస్తారు. రామప్ప గుడికి వెళ్తుంటే, శక 1135లో, అంటే 1213లో, దీన్ని కట్టించింది రాజు కాదు, రేచర్ల రుద్రుడనే సేనాని, మరి అంత డబ్బు అతనికెక్కడిది అని అడగండి. ఆ ప్రశ్నతో వెళ్లినవాడు చెరువును కూడా చూస్తాడు, పొలాలూ చూస్తాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది గుడికి, కానీ ఆ ప్రశ్నకు జవాబు సగం పక్కనున్న రామప్ప చెరువులో ఉంది.

స్థలం దగ్గర ఫొటోల కన్నా బొమ్మ గీయించడం మేలు. గీసేవాడు చూడక తప్పదు. అరిగిపోయిన అక్షరాలు కనబడకపోతే రాయి మీద సుద్ద, పిండి, విభూతి రుద్దడం మనవాళ్లకు అలవాటు. దానివల్ల రాయి పాడవుతుంది. ఏటవాలుగా టార్చి వెలుతురు వేస్తే చాలు, లోతు తక్కువున్న గీతలు కూడా నీడతో పైకి కనిపిస్తాయి. ఈ కిటుకు తెలిసిన పిల్లలు ఆ సాయంత్రమే ఇంటి దగ్గర గుళ్లోని రాళ్లన్నింటి మీదా టార్చి వేసి చూస్తారు. వాళ్లలో కొందరు ఏదో కొత్తది కనిపెట్టామని పరిగెత్తుకొస్తారు. అది మొన్న వేయించిన విరాళాల పలక అయినా సరే, చదవనివ్వండి.

వెళ్లలేని స్థలాల సంగతి కూడా ఆలోచించాలి. అమెరికాలో నేషనల్ పార్క్ సర్వీస్ 1991లో చారిత్రక స్థలాలతో బోధన అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఒక్కో స్థలానికి ఒక పటం, ఆ కాలపు రాతల నుంచి కొన్ని భాగాలు, పాత ఫొటోలు, వాటి మీద ప్రశ్నలు ఉంటాయి. వెళ్లలేని తరగతి కూడా కూర్చున్నచోటే ఆ పాఠం చేయగలదు, చివర్లో మీ ఊళ్లో ఇలాంటిదేముందో వెతకమని ఉంటుంది. మనకు ఇలాంటిది నాగార్జునకొండకు తప్పనిసరి. ఇక్ష్వాకుల రాజధాని ఉన్న లోయ నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాల్ని కొండ మీదికి తరలించారు. అన్నం పెట్టే ప్రాజెక్టు కోసం ఒక పురాతన నగరాన్ని ముంచొచ్చా అనే ప్రశ్నకు తొమ్మిదో తరగతిలో రెండు వైపులా గట్టిగా మాట్లాడేవాళ్లు దొరుకుతారు. అమరావతి స్తూపం శిల్పాలు లండన్‌లోనూ చెన్నైలోనూ ఎందుకున్నాయన్నది ఇంకో పాఠం. దొరలు పట్టుకుపోయారని ఒక్క మాటలో తేల్చడానికి లేదు. స్తూపం రాళ్లను కట్టడాలకు వాడుకోవడం అక్కడి మన జమీందారు కాలంలోనే మొదలైంది.

ఇక చిక్కులు. వాటిని మీరు దాటేస్తే ఈ పని మొదటి ఏడాదే ఆగిపోతుంది.

మాలో ఎక్కువమందికి పాత లిపి చదవడం రాదు. బీఎడ్‌లో ఎవరూ నేర్పలేదు. పురావస్తు శాఖలు జిల్లాలవారీగా శాసనాల సంపుటాలు వేశాయి, వాటిలో ఊరి పేరుతో సహా పాఠం ఉంటుంది. అవి యూనివర్సిటీ లైబ్రరీల్లో ఉన్నాయి, శాసనం ఉన్న ఊరి బడిలో లేవు. అందుకే నేను శిక్షణ కన్నా ముందు అడుగుతున్నది ఒక ఫైలు. ప్రతి మండలానికీ ఒకటి. ఆ మండలంలో ఉన్న స్థలాల జాబితా, ప్రతి శాసనానికీ ఈనాటి తెలుగులో ఒక పేజీ అనువాదం, ఒక పటం, ఆ స్థలం కేంద్ర పురావస్తు శాఖదా, రాష్ట్ర శాఖదా, దేవాదాయ శాఖదా, పట్టా భూమిలో ఉందా అనే వివరం. ఎవరి అనుమతి అడగాలో తెలియకే సగంమంది టీచర్లు వెనక్కి తగ్గుతున్నారు. శాసనాలు చదవగలిగిన పెద్దలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఉన్నప్పుడే వాళ్లతో ఈ పని చేయించుకోండి.

గుడి, మసీదు, దర్గా, చర్చి అనేసరికి ఇంకో ఇబ్బంది. మన ప్రాచీన కట్టడాల్లో చాలావరకు పూజలు జరిగేవే. పిల్లలందరినీ ఒకేలా లోపలికి రానిస్తారా అన్నది అడగాల్సిన ప్రశ్నే. ఒక పిల్లాడు గడప బయట నిలబడాల్సి వచ్చే చోటు పాఠానికి పనికిరాదు, శాసనం ఎంత గొప్పదైనా సరే. చాలాసార్లు శాసనం గుడి బయటే ఉంటుంది కాబట్టి ఆవరణలోనే పాఠం పెట్టుకోవచ్చు. పాఠం వేరు, దర్శనం వేరు అని ఉత్తర్వులోనే స్పష్టంగా రాయండి. కొండ ఎక్కలేని, నడవలేని పిల్లలున్న తరగతికి చదునుగా ఉన్న స్థలం ఎంచుకోవాలన్నది కూడా.

కథలు మరో పేచీ. తెలుగునేల మీద ప్రతి గుట్ట మీదా పాండవులు వనవాసం చేశారు, ప్రతి కోటలో ఇంకో కోటకు సొరంగం ఉంది. టీచరు వాటిని కొట్టిపారేస్తే ఊరికి కోపం, ఒప్పుకుంటే చరిత్రకు నష్టం. ఆ కథను కథగానే రాయించడం మంచి దారి. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, రాతి మీద దానికి ఆధారం ఉందా అని పక్కనే రాయించాలి. గుప్తనిధుల కథలు మాత్రం నవ్వి వదిలేసేవి కావు. ఆ పిచ్చితో రాత్రిళ్లు తవ్వి పడగొట్టిన గుళ్లు, పగలగొట్టిన విగ్రహాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. శాసనంలో ఉన్నది భూమి దానం గురించే తప్ప బంగారం దాచిన గుర్తు కాదని ఊళ్లో పిల్లలు చదివి చెబితే పోలీసులు చెప్పినదానికన్నా ఎక్కువ పని చేస్తుంది.

డబ్బు గురించి మీరు అడుగుతారు. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. ఊళ్లోనే ఉన్న స్థలానికి బస్సు అక్కర్లేదు. జాతీయ విద్యావిధానం 2020లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలని ఉంది, చారిత్రక స్థలాల సందర్శన కూడా అక్కడే ప్రస్తావించారు. కాబట్టి రోజులు కాగితం మీద ఇప్పటికే ఉన్నాయి. నేను అడుగుతున్నది అందులో ఏడాదికి ఒక్క స్థలం, దానికి బడిలో ముందు ఒక పీరియడ్, తర్వాత ఒక పీరియడ్. ఆ రెండు పీరియడ్ల కోసం సిలబస్‌లోంచి రాజుల వంశవృక్షం ఒకటి తీసేసినా ఎవరూ బాధపడరు.

పరీక్ష ప్రశ్న విషయంలో మాత్రం పట్టుబడుతున్నాను. మార్కులు లేనిది మన క్లాసుల్లో బతకదు, ఇది టీచర్లందరికీ తెలుసు. వార్షిక పరీక్షలో ఒక్క ప్రశ్న, బడి ఎంచుకున్న స్థలం మీద. మీరు చూసిన చారిత్రక ఆధారం ఒకటి వర్ణించి, దాని నుంచి కచ్చితంగా తెలిసేది ఏమిటో, ఊహ ఏమిటో విడిగా రాయండి అని అడగొచ్చు. గైడు పుస్తకంలో జవాబు దొరకదు. కాపీ కొట్టే వీలు తక్కువ. దిద్దేటప్పుడు కాస్త ఎక్కువ టైం పడుతుంది, పట్టనివ్వండి.

ఒక విన్నపం, కొంచెం చనువు తీసుకుని. దీన్ని యాప్‌లోకి ఎక్కించకండి. వెళ్లిన పిల్లల సంఖ్య, గ్రూప్ ఫొటో, లొకేషన్, సాయంత్రం అయిదు లోపు అప్‌లోడ్, చేయనివారికి మెమో అంటూ మొదలైతే టీచర్లు ఫొటో కోసమే వెళ్తారు. బ్యానర్ పట్టుకుని రాయికి వీపు పెట్టి నిలబడ్డ ఫొటోలు వస్తాయి. ఏడాది చివర పిల్లల నోట్‌బుక్కులు కొన్ని తెప్పించుకుని చదవండి, పాఠం జరిగిందో లేదో తెలిసిపోతుంది.

చివరిగా, భయం గురించి. పిల్లల్ని గేటు దాటించాలంటే ప్రతి టీచరుకూ లోపల ఒకటే టెన్షన్, ఎవరైనా జారి పడితే నా ఉద్యోగం ఏమవుతుందని. హెడ్‌మాస్టర్లు కూడా అందుకే వద్దంటారు, వాళ్లను తప్పుపట్టలేం. మెట్లబావికీ చెరువు కట్టకూ పిల్లల్ని తీసుకెళ్లమని అడుగుతున్నప్పుడు ఈ మాట దాచడం న్యాయం కాదు. ఎంతమంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి, నీళ్లున్న చోట ఏ జాగ్రత్తలు తీసుకోవాలి, తల్లిదండ్రుల అనుమతి పత్రం ఎలా ఉండాలి, మండల విద్యాధికారికి సమాచారం ఇస్తే సరిపోతుందా, అనుమతి వచ్చేదాకా ఆగాలా, ఈ జాగ్రత్తలన్నీ పాటించాక కూడా ప్రమాదం జరిగితే టీచరుకు శాఖ ఎంతవరకు అండగా ఉంటుంది అన్నది ఒక పేజీలో రాసి పంపండి. మండలం ఫైలు తయారవడానికి ఏడాది పట్టినా మేం ఆగగలం. ఈ పేజీ మాత్రం బడులు తెరిచేలోగా కావాలి.

ఇట్లు,
ఒక సోషల్ టీచరు